మన జట్టులో ఎవరు బాగా ఆడారు? ఫుటీ అభిమానుల ఓటుకు ఏ పద్ధతి మేలు

2023లో ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ (ఇక్కడి మాటలో ఫుటీ) లీగ్‌లో అందరికంటే గొప్పగా ఆడింది ఎవరు? అంపైర్లు బ్రిస్బేన్ లయన్స్ మిడ్‌ఫీల్డర్ లాకీ నీల్ అన్నారు, బ్రౌన్‌లో మెడల్ ఆయనకు దక్కింది. ఆటగాళ్ళు మాత్రం వెస్టర్న్ బుల్‌డాగ్స్ కెప్టెన్ మార్కస్ బాంటెంపెల్లికి ఓటేసి లీ మాథ్యూస్ ట్రోఫీ ఇచ్చారు. కోచ్‌ల ఓట్లలో పోర్ట్ అడిలైడ్ ఆటగాడు జాక్ బటర్స్ పైన నిలిచాడు. సీజన్ ఒకటే, మ్యాచులు అవే, విజేతలు మాత్రం ముగ్గురు. ఇంకో విశేషం కూడా ఉంది. లీగ్ మొత్తంలో మేటి ఆటగాళ్ళను ఎంచి ప్రకటించే ఆ ఏటి ఆల్ ఆస్ట్రేలియన్ జట్టులో బ్రౌన్‌లో గెలిచిన నీల్‌కు చోటే దొరకలేదు.

వీళ్ళలో ఎవరో తప్పు చేశారని నేను అనుకోను. ఓటేసేవాళ్ళు వేరు, పాయింట్లు ఇచ్చే లెక్క వేరు, అందుకే ఫలితం వేరు. అభిమానులుగా మనం ప్రతి వారం మన జట్టు ఆటగాళ్ళకు ఓటేసి, సీజన్ చివర ఒకరిని ఎన్నుకుందామని అనుకున్నప్పుడు కూడా ఇదే జరుగుతుంది. ఏ పద్ధతి పెట్టుకున్నారన్నదాన్ని బట్టి గెలిచే పేరు మారిపోతుంది. కాబట్టి ఎవరికి ఓటేయాలన్న ప్రశ్నకు ముందే, ఎలా వేయాలన్నది తేల్చుకోవాలి.

మెల్బోర్న్ పడమటి శివార్లలో, అంటే టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ వైపు తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మాకు దగ్గరి జట్టు ఫుట్‌స్క్రేలోని విట్టెన్ ఓవల్ ఇంటిగా ఉన్న బుల్‌డాగ్స్. నేనూ ఆ జట్టు మనిషినే. అందుకే కింది ఉదాహరణలు ఎక్కువగా మా జట్టువే ఉంటాయి. మీ జట్టు కాలింగ్‌వుడ్ అయినా, ఎసెండన్ అయినా లెక్కలేమీ మారవు.

క్రికెట్ అలవాటు ఇక్కడ ఎందుకు పనిచేయదు

మనలో చాలామంది క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్ళం. అక్కడ మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ ఒక్కడే. సెంచరీ కొట్టినవాడు, ఐదు వికెట్లు తీసినవాడు స్కోర్‌కార్డులోనే కనిపిస్తారు. ఫుటీ స్కోర్‌బోర్డు మీద గోల్‌కు 6, గోల్ స్తంభాల పక్కనుంచి గీత దాటిన బంతికి, అంటే బిహైండ్‌కు, 1, అంతే. జట్టుకు 23 మంది, మైదానంలో ఒకేసారి 18 మంది. ఇరవై నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు, ఆగిన సమయం కలిపితే ఒక్కో క్వార్టర్ అరగంట దాకా సాగుతుంది. ఇంత ఆటలో ఒక్కడి పేరు చెప్పమంటే ఎవరైనా బంతి ఎక్కువసార్లు పట్టినవాడి పేరే చెబుతారు. అది తప్పని కాదు, కానీ అది సగం ఆటే.

గెలిచిన రోజు అందరూ బాగా ఆడినట్టు కనిపిస్తారు, ఓడిన రోజు ఎవరూ కనిపించరు. మంచి ఓటింగ్ పద్ధతి ఈ రెండు రోజుల్లోనూ పనికొచ్చేలా ఉండాలి.

ఒక్క పేరు పద్ధతి

అన్నిటికంటే సులువు ఇది. వాట్సాప్ గ్రూపులో పోల్ పెడితే పది నిమిషాల్లో పని అయిపోతుంది. కానీ సీజన్ మొత్తానికి నేను దీన్ని సిఫారసు చేయను. కారణం లీగ్ చరిత్రలోనే ఉంది.

బ్రౌన్‌లో మెడల్ 1924లో మొదలైనప్పుడు అంపైర్ ప్రతి మ్యాచ్‌లో ఒక్కడికే ఒక్క ఓటు వేసేవాడు. 1930లో ముగ్గురు తలా 4 ఓట్లతో సమానంగా నిలిచారు. రిచ్‌మండ్ ఆటగాడు స్టాన్ జడ్కిన్స్, కాలింగ్‌వుడ్ ఆటగాడు హ్యారీ కోలియర్, మా ఫుట్‌స్క్రే (ఇప్పటి బుల్‌డాగ్స్) ఆటగాడు అలన్ హాప్కిన్స్. తక్కువ మ్యాచులు ఆడాడని మెడల్ జడ్కిన్స్‌కు ఇచ్చారు. మరుసటి ఏడు, 1931 నుంచి, మొదటివాడికి 3, రెండోవాడికి 2, మూడోవాడికి 1 ఇచ్చే 3-2-1 పద్ధతి తెచ్చారు. సీజనంతా ఆడినా నాలుగు ఓట్లకు మించి రాని లెక్కలో ఆటగాళ్ళ మధ్య తేడా ఎలా తెలుస్తుంది? కోలియర్‌కు, హాప్కిన్స్‌కు మెడళ్ళు అందేసరికి 1989 వచ్చింది.

ఒక్క పేరుతో ఇంకో చిక్కు కూడా ఉంది, చిన్న లెక్క వేస్తే తెలిసిపోతుంది. పదిమంది ఓటేస్తున్నారనుకోండి. నలుగురికి మిడ్‌ఫీల్డర్ మొదటివాడు, డిఫెండర్ రెండోవాడు, ఫార్వర్డ్ మూడోవాడు. ఇంకో నలుగురికి ఫార్వర్డ్ మొదటివాడు, డిఫెండర్ రెండోవాడు, రక్‌మన్ (అంపైర్ పైకి వేసిన బంతి కోసం ఎగిరే పొడగరి) మూడోవాడు. మిగిలిన ఇద్దరికి డిఫెండర్ మొదటివాడు, మిడ్‌ఫీల్డర్ రెండోవాడు, ఫార్వర్డ్ మూడోవాడు. ఒక్క పేరు లెక్కలో మిడ్‌ఫీల్డర్‌కు 4, ఫార్వర్డ్‌కు 4, డిఫెండర్‌కు రెండే. పాపం, ఓట్లు వచ్చిన ముగ్గురిలో ఆఖరివాడు. ఇదే ఓటు 3-2-1 లెక్కన వేసి చూడండి. డిఫెండర్‌కు 22, ఫార్వర్డ్‌కు 18, మిడ్‌ఫీల్డర్‌కు 16, రక్‌మన్‌కు 4. పదిమందిలో ప్రతి ఒక్కరూ మొదటి ఇద్దరిలో పెట్టిన మనిషి మొదటి లెక్కలో అట్టడుగున పడ్డాడు. నా మటుకు నాకు ఆ రోజు బాగా ఆడింది ఆ డిఫెండరే.

ఒక్క మ్యాచ్‌కు, అదీ ఫైనల్‌కు అయితే ఒక్క పేరు చాలు. ఉత్సాహం ఆ ఒక్క పేరులోనే ఉంటుంది. సీజన్‌కు మాత్రం వద్దు.

3-2-1, లేక 5-4-3-2-1?

అసలు పోటీ ఈ రెండిటి మధ్యే. మొదటిది అంపైర్లది, రెండోది కోచ్‌లది. ప్రతి మ్యాచ్ తర్వాత రెండు జట్ల కోచ్‌లూ చెరో ఐదుగురికి 5 నుంచి 1 దాకా వేస్తారు, అంటే ఒక ఆటగాడికి ఒక మ్యాచ్‌లో గరిష్ఠంగా 10 వస్తాయి. ఆటగాళ్ళ మనసులో ఏముందో తెలిసిన కోచ్‌లే ఐదు పేర్లు కావాలనుకున్నారంటే దానికో కారణం ఉంది.

అంపైర్లు మూడు పేర్లు రెండు జట్లలోంచీ ఎంచాలి, అంటే 46 మందిలో ముగ్గురు. మనం మన జట్టు 23 మందిలోంచే ఎంచుతున్నాం. కాబట్టి మూడు పేర్లు కూడా మనకు అంత ఇరుకేమీ కాదని ఎవరైనా వాదించవచ్చు. ఆ వాదనలో బలం ఉంది. కానీ మూడు పేర్లు రాయమంటే అభిమానులు రాసే మూడూ దాదాపు ఎప్పుడూ మిడ్‌ఫీల్డర్లవే. మైదానం మధ్యలో ఆట మొదలయ్యే చోట ఎవరుంటారో, బంతి ఎవరి చేతికి ఎక్కువసార్లు వస్తుందో, కెమెరా ఎవరి వెంట పోతుందో వాళ్ళవే. నాలుగో, ఐదో గడి ఖాళీగా కనిపించినప్పుడు మనిషి ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తాడు. వెనక ఎవరు కాపాడారు? ఆ మూడో క్వార్టర్‌లో వాళ్ళ స్టార్‌ను ఎవరు కట్టేశారు? ఆ ఆలోచన పుట్టించడమే ఐదు పేర్ల పద్ధతి చేసే మేలు.

బ్రౌన్‌లో విజేతల జాబితా చూడండి. వందేళ్ళ చరిత్రలో ఫుల్ ఫార్వర్డ్, అంటే ఎదుటి జట్టు గోల్ ముందుండే స్థానంలో ఆడుతూ గెలిచినవాడు ఒక్క టోనీ లాకెట్, 1987లో, అదీ హాథార్న్ ఆటగాడు జాన్ ప్లాటెన్‌తో సమానంగా. కెరీర్‌లో 1360 గోల్స్‌తో ఇప్పటికీ రికార్డు ఆయనదే, అయినా మెడల్ ఒక్కసారే. వెనక వరసవాళ్ళ సంగతీ అంతే. మా జట్టుకు 1985లో బ్యాక్ పాకెట్‌లో ఆడిన బ్రాడ్ హార్డీ గెలిచాడు, 1993లో ఎసెండన్ నుంచి గావిన్ వాంగనీన్ గెలిచాడు, ఆ తర్వాత మెడల్ దాదాపు పూర్తిగా మిడ్‌ఫీల్డర్ల సొత్తు అయిపోయింది.

క్లబ్బులు సొంతంగా ఇచ్చే ఉత్తమ ఆటగాడి అవార్డులు చూస్తే బొమ్మ మారుతుంది. రిచ్‌మండ్ ఫుల్ బ్యాక్ అలెక్స్ రాన్స్ 2015లో జాక్ డయ్యర్ మెడల్ గెలిచాడు. 2021లో జీలాంగ్ డిఫెండర్ టామ్ స్టూవర్ట్ కార్జీ గ్రీవ్స్ మెడల్, 2022లో గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ డిఫెండర్ శామ్ టేలర్ కెవిన్ షీడీ మెడల్ అందుకున్నారు. ఇంకా నాకు బాగా నచ్చిన ఉదాహరణ 2012లో ఫ్రీమాంటిల్‌ది. ఎదుటి జట్టు ముఖ్యమైన ఆటగాడిని నీడలా వెంటాడి ఆడనివ్వకుండా చేయడమే పనిగా పెట్టుకున్న ర్యాన్ క్రౌలీకి ఆ ఏడు డోయిగ్ మెడల్ దక్కింది. ట్యాగర్ అంటారు ఆ పని చేసేవాడిని. సొంత జట్టులో ఆ పని విలువ తెలిసినవాళ్ళు ఓటేశారు కాబట్టే గెలిచాడు. అభిమానులం మనమూ సొంత జట్టు మనుషులమే కదా, మన ఓటు అంపైర్ ఓటులా కాకుండా క్లబ్ ఓటులా ఉండాలి.

అందుకని నా ఓటు 5-4-3-2-1కే. పిల్లలు, ఆటకు కొత్తవాళ్ళు ఎక్కువగా ఉంటే మాత్రం మొదటి సీజన్ 3-2-1తో మొదలుపెట్టండి. ఐదు పేర్లు తోచక ఎవరో ఒకరి పేరు రాసేయడం కంటే మూడు పేర్లు ఆలోచించి రాయడమే నయం.

అందరికీ మార్కులు వేసే పద్ధతి

కొన్ని క్లబ్బుల్లో కోచ్‌లు ప్రతి మ్యాచ్‌కు ప్రతి ఆటగాడికీ విడిగా మార్కులు వేస్తారు. అభిమానులూ పదికి ఇన్ని అని వేయవచ్చు. దీనిలో ఉన్న న్యాయం మిగతా వాటిలో లేదు. జట్టు చిత్తుగా ఓడిన రోజు అందరికీ తక్కువ పడతాయి, అదరగొట్టిన రోజు పది మందికి మంచి మార్కులు పడతాయి. 5-4-3-2-1లో ఆట ఎంత ఘోరంగా ఉన్నా ఎవరో ఒకరికి 5 వెళ్ళక తప్పదు.

కానీ పని చూడండి. 23 మంది, సీజన్‌లో జట్టుకు 23 లీగ్ మ్యాచులు. ఒక్కో ఓటరు వేయాల్సిన మార్కులు 529. మే నెల దాటేసరికి ఓటేసేవాళ్ళు ముగ్గురో నలుగురో మిగులుతారు. పైగా ఒకరి 7 ఇంకొకరికి 5. పొదుపుగా వేసేవాళ్ళు, ధారాళంగా వేసేవాళ్ళు కలిసి వేసినప్పుడు, ఒక వారం ఎవరు ఓటేశారన్నదే ఫలితాన్ని నడిపిస్తుంది.

100 పాయింట్ల తేడాతో ఓడిన రోజున కూడా ఒకడికి 5 ఇవ్వడం అన్యాయమని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. అలాంటి రోజున, స్టేడియం సగం ఖాళీ అయ్యాక, నాలుగో క్వార్టర్‌లో ఇంకా వెనక్కి పరుగెత్తి ట్యాకిల్ చేసే కుర్రాడికి 5 ఇవ్వడానికే అభిమానుల ఓటు ఉన్నది. అంపైర్ల లెక్కలో ఆ రోజు మూడు పేర్లూ దాదాపు ఎప్పుడూ గెలిచిన జట్టువే అవుతాయి. అతన్ని గుర్తుపెట్టుకునేది మనమే.

గణాంకాలు ఎంతవరకు

మ్యాచ్ అయిన వెంటనే ఫోన్‌లో అంకెలన్నీ వచ్చేస్తాయి. డిస్పోజల్స్ (కిక్కులు, పిడికిలితో కొట్టి అందించే హ్యాండ్‌బాల్స్ కలిపి), మార్కులు (కిక్ చేసిన బంతిని గాల్లోనే పట్టడం), ట్యాకిల్స్, క్లియరెన్సులు (గుంపులోంచి బంతిని బయటికి తేవడం), కంటెస్టెడ్ పొజెషన్లు (పోరాడి దక్కించుకున్న బంతులు), ఇన్‌సైడ్ 50లు (గోల్ ముందున్న 50 మీటర్ల గీత లోపలికి బంతిని చేర్చడం). అభిమానులు ఊహా జట్లు కట్టి ఆడే ఆటలో లెక్కించే ఫ్యాంటసీ పాయింట్లూ వస్తాయి. కిక్‌కు 3, హ్యాండ్‌బాల్‌కు 2, మార్క్‌కు 3, ట్యాకిల్‌కు 4, గోల్‌కు 6. ఫ్యాంటసీ పాయింట్లు చూసి ఓటేయడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి, మొహమాటం లేకుండా చెబుతున్నాను. వెనక వరసలో ఒత్తిడి లేకుండా అటూ ఇటూ బంతి అందించుకుంటే చాలు, ఫ్యాంటసీ పాయింట్లు కుప్పలుగా పడతాయి. మూడు కిక్కులు, మూడు మార్కులు కలిస్తే 18 పాయింట్లు వచ్చేస్తాయి, వాటితో జట్టు ముందుకు కదిలింది పది గజాలు కూడా ఉండకపోవచ్చు.

ఇప్పుడు అంకెల్లో కనిపించని పని ఎలా ఉంటుందో చూడండి. ఆఖరి క్వార్టర్, తేడా మూడు పాయింట్లు. ఎదుటి జట్టు వింగ్ నుంచి మన గోల్ ముందుకు ఎత్తుగా ఒక కిక్ వేసింది. వాళ్ళ పొడగరి ఫార్వర్డ్ పదిహేను మీటర్ల దూరం నుంచి పరుగెత్తుకొస్తున్నాడు. మన ఫుల్ బ్యాక్ అతని వెనకే ఉన్నాడు, అరడుగు ఆలస్యం. అతన్ని నెడితే ఫ్రీ కిక్, గోల్ ఖాయం. వదిలేస్తే మార్క్, అప్పుడూ గోల్ ఖాయమే. అతను రెండూ చేయలేదు. ఎగిరి, ఎదుటివాడి భుజం మీదుగా చేయి చాచి, పిడికిలితో బంతిని తట్టాడు. బంతి గీత దాటింది, బిహైండ్ ఒకటి పడింది. ఆరు పోవాల్సిన చోట ఒకటి పోయింది. గణాంకాల పట్టీలో అతని పేరు ఎదురుగా ఒక స్పాయిల్ పెరిగింది, డిస్పోజల్ సున్నా. ఇంట్లో కరెంటు పోనంతకాలం లైన్‌మన్ గుర్తుకు రానట్టే, బ్యాక్‌మన్ తప్పు చేయనంతవరకు ఎవరికీ కనిపించడు.

కాబట్టి గణాంకాలను అసలు చూడొద్దని కాదు, చూసే వరస మార్చండి. సైరన్ మోగగానే, ఫోన్ తీయకముందే, మనసులో మెదిలిన ఐదు పేర్లు రాసేయండి. ఆ తర్వాత అంకెలు తెరవండి. మీరు రాసిన పేరును అంకెలు బలపరిచాయా, లేక మీరు గమనించనివాడు ఒకడు పైకి వచ్చాడా చూడండి. మార్చాలనిపిస్తే ఒక్క పేరు మార్చండి. అంకెలతో మొదలుపెడితే మాత్రం మీ కళ్ళు చూసింది చెరిగిపోతుంది.

ఏ స్థానంలో ఆడేవాడికి ఏ అంకె చూడాలో కూడా చెప్పుకోవాలి. డిఫెండర్‌ను అతని అంకెలతో కాదు, అతను కాపలా కాసిన ఫార్వర్డ్ ఎన్ని గోల్స్ వేశాడన్న దానితో చూడండి. ట్యాగర్ అయితే అతను వెంటాడిన స్టార్ మామూలుగా పట్టే బంతులెన్ని, ఈ రోజు పట్టినవెన్ని. రక్‌మన్‌కు హిట్-అవుట్లు, అంటే ఎగిరి తట్టి పంపిన బంతులు, ఎన్నన్నది అంత ముఖ్యం కాదు, అవి మనవాళ్ళ చేతికే వెళ్ళాయా అన్నది ముఖ్యం. మా టిమ్ ఇంగ్లిష్ లాంటి రక్‌మన్ బంతి కోసం ఎగరడమే కాక, మైదానమంతా తిరిగి మార్కులు పడతాడు, అదీ లెక్కలోకి రావాలి. చిన్న ఫార్వర్డ్‌కు రెండు గోల్స్, ఐదు ట్యాకిల్స్ ఉంటే అది గొప్ప రోజు. మిడ్‌ఫీల్డర్‌కు 30 డిస్పోజల్స్ ఉన్నా, అవి గుంపులో పోరాడి తెచ్చినవా, ఖాళీ చోట్లో అందుకున్నవా అన్నది కంటెస్టెడ్ పొజెషన్ల అంకె చెబుతుంది.

టీవీలో చూసేవాళ్ళకు ఒక ఇబ్బంది ఉంది, కెమెరా బంతితోనే పోతుంది. ఫార్వర్డ్ పరుగెత్తి చోటు ఖాళీ చేయడం, డిఫెండర్ ముందే వచ్చి దారి మూయడం తెరమీద కనిపించవు. మార్వెల్ స్టేడియంలోనో ఎంసీజీలోనో చూసే వీలుంటే ఎప్పుడైనా గోల్ స్తంభాల వెనక, పై అంతస్తులో కూర్చోండి. ఒక క్వార్టర్ అక్కడినుంచి చూస్తే మీ ఐదు పేర్లు మారతాయి.

"ఫెయిరెస్ట్" నియమం పెట్టాలా

బ్రౌన్‌లో మెడల్ "ఫెయిరెస్ట్ అండ్ బెస్ట్" ఆటగాడికి, అంటే బాగా ఆడడమే కాక న్యాయంగా కూడా ఆడినవాడికి. దాని నియమం ప్రకారం సీజన్‌లో సస్పెండ్ అయినవాడు గెలవడానికి అనర్హుడు. 1997లో మా క్రిస్ గ్రాంట్‌కు వచ్చిన ఓట్లు 27, సెయింట్ కిల్డా ఆటగాడు రాబర్ట్ హార్వీకి 26. అయినా మెడల్ హార్వీకి వెళ్ళింది, ఎందుకంటే సీజన్ మొదట్లో గ్రాంట్‌కు ఒకే ఒక్క మ్యాచ్ సస్పెన్షన్ పడింది. ఆ ముందు ఏడు 1996లో నార్త్ మెల్బోర్న్ ఆటగాడు కోరీ మెకర్నన్ మైఖేల్ వాస్, జేమ్స్ హర్డ్‌లతో సమానంగా ఓట్లు తెచ్చుకుని కూడా ఇలాగే మెడల్ పోగొట్టుకున్నాడు. 2022లో కార్ల్‌టన్ కెప్టెన్ ప్యాట్రిక్ క్రిప్స్‌కు రెండు మ్యాచుల శిక్ష పడి, అప్పీలులో అది కొట్టేయడంతో అర్హుడిగా మిగిలాడు, ఆ ఏడు మెడల్ ఆయనదే అయింది. అప్పీలు నెగ్గకపోతే చరిత్రలో ఇంకో పేరు ఉండేది.

గ్రాంట్ విషయం బుల్‌డాగ్స్ అభిమానులకు ఇప్పటికీ మంటే. అయినా అంపైర్ల అవార్డులో ఆ నియమం ఉండడం సమంజసమే. మైదానంలో మర్యాదను కాపాడాల్సినవాళ్ళు వాళ్ళు. అభిమానుల ఓటులో మాత్రం ఆ నియమం పెట్టొద్దని నా సలహా. సస్పెండ్ అయిన మ్యాచుల్లో అతనికి ఎలాగూ పాయింట్లు రావు, ఆ నష్టమే శిక్ష. ఎవరైనా కావాలని ఎదుటివాడిని గాయపరిస్తే ఆ మ్యాచ్‌కు సున్నా అని ఓటర్లే తేల్చగలరు. ఇంట్లో పిల్లలతో కలిసి ఓటేస్తుంటే మాత్రం నియమం ఉంచండి, వాళ్ళు దాన్ని చాలా సీరియస్‌గా తీసుకుంటారు, తీసుకోవాలి కూడా.

లెక్క దగ్గర జరిగే పొరపాట్లు

అభిమానుల ఓటింగ్ ఎక్కువగా చెడేది ఇక్కడే. శుక్రవారం రాత్రి ఎంసీజీలో పెద్ద మ్యాచ్, 40 మంది ఓటేశారు. రెండు వారాల తర్వాత ఆదివారం మధ్యాహ్నం బల్లారాట్‌లో మ్యాచ్, 12 మందే ఓటేశారు. ఎంసీజీలో ఒక ఆటగాడికి 120 పాయింట్లు వచ్చాయి. బల్లారాట్‌లో ఇంకొకడికి పన్నెండు మందీ 5 వేశారు, 60 వచ్చాయి. అంకెలు అలాగే కూడితే మొదటివాడు రెట్టింపు ముందున్నాడు. కానీ ఓటరుకు సగటున మొదటివాడికి వచ్చింది 3, రెండోవాడికి 5. ఆ వారం ఓటేసినవాళ్ళందరూ ఒక్క గొంతుతో మొదటివాడన్న ఆటగాడు వెనకబడిపోయాడు. అందుకని ప్రతి వారం మొత్తాన్ని ఓటర్ల సంఖ్యతో భాగించి, ఆ సగటునే పట్టికలో వేయండి. ఇది ఒక్కటి చేస్తే మిగతా తప్పులు చాలావరకు సర్దుకుంటాయి.

సీజన్ చివర మొత్తం చూడాలా, ఆడిన మ్యాచ్‌కు సగటు చూడాలా? 22 మ్యాచులు ఆడి మ్యాచ్‌కు 2.5 తెచ్చుకున్నవాడి మొత్తం 55. గాయంతో 11 మ్యాచులే ఆడి మ్యాచ్‌కు 4 తెచ్చుకున్నవాడి మొత్తం 44. అవార్డు మొదటివాడికే ఇవ్వాలి, ప్రతి వారం నిలబడడం కూడా ఆటలో భాగమే. రెండోవాడి సగటును పక్క గడిలో రాసి ఉంచండి, వచ్చే ఏడు ఎవరి మీద ఆశ పెట్టుకోవాలో అది చెబుతుంది.

ఫైనల్స్ కలపాలా అన్నది మొదటే తేల్చుకోండి. బ్రౌన్‌లో లెక్కలో ఫైనల్స్ లేవు, గ్రాండ్ ఫైనల్‌లో మేటి ఆటగాడికి విడిగా నార్మ్ స్మిత్ మెడల్ ఇస్తారు. 2016లో 62 ఏళ్ళ తర్వాత మా జట్టు ప్రీమియర్‌షిప్ గెలిచిన రోజు అది జేజే జోహానిసెన్‌కు దక్కింది. నా సలహా కూడా అదే, లీగ్ దశ పట్టిక వేరుగా ముగించి, ఫైనల్స్‌కు వేరే ఓటు పెట్టండి.

ఇద్దరు సమానమైతే ఇద్దరికీ ఇచ్చేయండి. 2003లో గూడ్స్, బక్లీ, రిచ్యూటో ముగ్గురూ బ్రౌన్‌లో పంచుకున్నారు, ఆ మెడల్ విలువేమీ తగ్గలేదు.

పట్టిక ఎప్పుడు చూపించాలి అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. ఎవరు ముందున్నారో ప్రతి వారం తెలిస్తే, ఆఖరి రౌండ్లలో కొందరు తమకు ఇష్టమైనవాడిని గెలిపించాలని పోటీలో ఉన్నవాడి పేరు రాయడం మానేస్తారు. అంపైర్ల ఓట్లు సీజనంతా సీలు వేసి, గ్రాండ్ ఫైనల్ వారంలోనే విప్పుతారు. మనం అంత గట్టిగా ఉండనక్కర్లేదు. పట్టికను మొదటి పదహారు రౌండ్లు చూపించి, తర్వాత మూసేస్తే ఉత్సాహమూ పోదు, నిజాయితీ కూడా నిలుస్తుంది.

మీ గుంపుకు ఏది

నలుగురైదుగురు స్నేహితులు కలిసి మ్యాచ్ చూసి, కూర్చుని మాట్లాడుకునే అలవాటుంటే అందరికీ మార్కుల పద్ధతి కూడా నడుస్తుంది. ఒకరి 7, ఒకరి 5 ఎందుకో అక్కడే తేలిపోతుంది, ఆ వాదనలోనే సగం ఆనందం.

పది నుంచి యాభై మంది ఉన్న గుంపుకు 5-4-3-2-1, ఓటరుకు సగటు, సోమవారం రాత్రి గడువు. వాట్సాప్ పోల్‌లో ఎవరు మొదటివారు, ఎవరు రెండోవారు అన్న వరస రాదు, కాబట్టి గూగుల్ ఫారమ్‌లో గడుల ప్రశ్న పెట్టండి. అడ్డంగా ఐదు స్థానాలు, నిలువుగా ఆటగాళ్ళ పేర్లు పెట్టి, ఒక్కో నిలువు వరసలో ఒక్క సమాధానమే వచ్చేలా సెట్టింగ్ పెడితే ఎవరూ ఇద్దరికి 5 వేయలేరు. పేర్ల వరసను జెర్సీ నంబర్ల ప్రకారం కాక ప్రతి వారం మార్చండి, లేకపోతే పైన ఉన్న పేర్లకు ఓట్లు ఎక్కువ పడతాయి.

ఇంట్లో పిల్లలతో అయితే 3-2-1, కాగితం మీద, సైరన్ అయ్యాక వెంటనే. పెద్దవాళ్ళు పేర్లు చెప్పేముందు పిల్లలు రాయాలి, లేదంటే నాన్న పేరే వాళ్ళ పేరు అవుతుంది. మహిళల లీగ్ ఏఎఫ్‌ఎల్‌డబ్ల్యూ చూస్తున్నవాళ్ళకూ ఇదే. అక్కడ మైదానంలో 16 మందే ఉంటారు, క్వార్టర్లు చిన్నవి, అంకెలు తక్కువ వస్తాయి, కాబట్టి పురుషుల లీగ్ అంకెలతో పోల్చి తక్కువ చేయకండి. 2017లో మొదటి సీజన్‌లోనే లీగ్ ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచిన ఎరిన్ ఫిలిప్స్ ఆట చూసినవాళ్ళకు ఆ సంగతి చెప్పనక్కర్లేదు.

ఏ పద్ధతి ఎంచుకున్నా నియమాలన్నీ మొదటి రౌండ్ బంతి ఎగరకముందే రాసి పెట్టండి, సీజన్ మధ్యలో మార్చకండి. 1976, 77లలో ఇద్దరు అంపైర్లు విడివిడిగా ఓటేశారు, అందుకే 1977లో గ్రాహం టీస్‌డేల్‌కు 59 ఓట్లు వచ్చాయి. 2024లో ప్యాట్రిక్ క్రిప్స్ తెచ్చుకున్న 45ను దాని పక్కన పెట్టి పోల్చడానికి వీల్లేదు. మీ పట్టికను వచ్చే ఏడు, ఆపై ఏడు పక్కపక్కన పెట్టి చూసుకోవాలనుంటే, రాసిన నియమాల కాగితాన్ని ఫోటో తీసి పట్టిక ఉన్న షీట్‌లోనే మొదటి పేజీగా పెట్టేయండి.